బ్రేకుల గొళ్ళెం

నాగరాణి గేటు దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడూ "సారూ" అని కేకేసుకుంటూ వరండా దాటి వచ్చే మనిషి, ఆ ఆదివారం పొద్దున గేటు ఊచ పట్టుకుని నిలబడిందంటే ఏదో బరువైన మాటే అడగబోతోందని ప్రసాదరావుకి అర్థమైంది. ఆయన అప్పుడే పాలగిన్నె పొయ్యి మీది నుంచి దించి బయటికి వచ్చాడు. పాలు పొంగలేదు. ఝాన్సీ పోయిన ఈ మూడేళ్ళలో పాలు పొంగకుండా దించిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి రోజున ఆయన కొంచెం ధైర్యంగా ఉంటాడు.

"రామ్మా, టీ పెడుతున్నాను."

"టీ వద్దు సారూ. ఒక్క ముచ్చట అడిగిపోత." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ తీసేసింది. "మా స్నేహ ట్రాక్టర్ తోల్త అంటుంది."

"తోలుతూనే ఉందిగా, ఆర్నెల్ల నుంచి."

"చేన్ల కాదు సారూ. చెరుకు లోడుతోని ఫ్యాక్టరీకి పోత అంటుంది."

ప్రసాదరావు చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు.

ఆయన ఇంటి ప్రహరీ గోడకి అవతలే నాగరాణి చేను. జహీరాబాద్ నుంచి ఝరాసంగం వెళ్ళే దారిలో కాలనీ అయిపోయి పొలాలు మొదలయ్యేది అక్కడే. చెరుకు కొట్టి అప్పటికి రెండు రోజులైంది. కొట్టిన గడ ఎండిన కొద్దీ తూకం పోతుంది; చెరుకు తీసుకుంటామని చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన చీటీ మీది తేదీ కూడా మర్నాటితో సరి. ట్రాలీ నింపి, తాళ్ళు బిగించి సిద్ధంగా ఉంచారు. ఎప్పుడూ దాన్ని లాక్కెళ్ళే డ్రైవరు సర్వర్ మూడు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు. వేరే డ్రైవరు దొరికే కాలం కాదిది. చుట్టుపక్కల ఉన్న ట్రాక్టర్లన్నీ ఫ్యాక్టరీ ముందు వరస కట్టి ఉన్నాయి, డ్రైవర్లు వాటి నీడలోనే వండుకు తింటున్నారు. నాగరాణి భర్త హరికృష్ణ లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు.

"నీ మనసులో ఏముందమ్మా?" అని అడిగాడు ప్రసాదరావు.

"నా మనసుల ఏముంటది సారూ, భయముంది. ఆయనకు ఫోన్ జేస్తె పూనా దిక్కున్న, నాలుగు దినాలు పడతది అన్నడు. 'పిల్లకు మంచిగ వస్తది గద, పోనియ్యి. నేను పన్నెండేండ్లకే మా నాయిన బండి తోలిన' అంటుండు. ఎవరు ఆపుతున్నరు, అందరి పిల్లలు తోల్తలేరా అంటుండు. నేర్పింది మీరు. మీరు పో అంటె పంపుత, వద్దంటె బంద్. అది గూడ గదే అన్నది. సార్ ఎట్ల చెప్తె అట్ల అని."

"సరే, వస్తున్నా పద," అన్నాడాయన. పాలగిన్నె మీద మూత పెట్టి, చెప్పులు కాదని బూట్లు తొడుక్కున్నాడు. ట్రాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు బూట్లు వేసుకోవడం ఉద్యోగం చేసిన రోజుల నాటి అలవాటు.

తెనాలి పక్క నుంచి ఇంజనీరింగు పట్టాతో వచ్చి ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఆయనకి ఇరవై నాలుగేళ్ళు. పని నేర్చుకున్న మొదటి ఏళ్ళు పోతే, రిటైరయ్యేదాకా ఇరవై ఆరేళ్ళు టెస్టు ట్రాకు మీదే ఉన్నాడు. కొత్తగా తయారైన ప్రతి ట్రాక్టరునీ నడిపి చూసి, బాగుందంటేనే బయటికి పంపాలి. ఎన్ని వేల ట్రాక్టర్లో ఆయనకే తెలియదు. చుట్టుపక్కల వాళ్ళకి ఆయన ప్రసాదరావు కాదు, ట్రాక్టర్ సారు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గోడ అవతల ట్రాక్టరు దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. ఆ దగ్గు వినగానే డీజిల్ గొట్టంలో గాలి చేరిందని ఆయనకి తెలిసిపోయింది. వెళ్ళి సరిచేస్తుంటే, పక్కన పానా పట్టుకుని నిలబడ్డ పిల్ల అడిగింది: "గాలి లోపలికి పోతె ఏమైతది సార్? డీజిలు, గాలి రెండూ కావాలె గద ఇంజనుకు?" పద్నాలుగేళ్ళ పిల్ల, తొమ్మిదో తరగతి. సరైన ప్రశ్న. ఆయన అరగంట సేపు చెప్పాడు. ఇంటికొచ్చాక గాని తెలియలేదు, అంతసేపు ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఝాన్సీ ఉన్న రోజుల్లో సాయంత్రం బియ్యంలో రాళ్ళేరుతూ "ఇవాళ ఎన్ని బండ్లు? ఏమైనా మొండికేశాయా?" అని అడిగేది. ఆమెకి ట్రాక్టర్ల మీద ఆసక్తి ఏమీ లేదు. ఆయన చెప్పుకోవాలని అడిగేది. ఆ సంగతి ఆమె పోయాక అర్థమైంది.

ఆ తర్వాత సెలవుల్లో రోజూ, బడి తెరిచాక ఆదివారాలు, స్నేహని సీటు మీద కూర్చోబెట్టి నేర్పాడు. క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి తెలియాలన్నాడు. ఇంజను చప్పుడు విని గేరు మార్చాలన్నాడు. మడి చివర చోటు చాలనప్పుడు ఒక పక్క బ్రేకు మాత్రమే తొక్కి, ఆ చక్రం చుట్టూ ట్రాక్టరుని గిర్రున తిప్పడం చూపించాడు. కారుకి లేని వసతి అది. ట్రాక్టరుకి ఎడమ చక్రానికో పెడలు, కుడి చక్రానికో పెడలు పక్కపక్కనే ఉంటాయి. పిల్ల రెండో రోజుకే పట్టేసింది. "సర్వర్ కంటే నువ్వే బాగా తిప్పుతున్నావమ్మాయ్" అని ఒకసారి నోరు జారాడు కూడా.

ఇప్పుడు వద్దంటే ఆ పిల్ల మళ్ళీ వస్తుందా? నడుస్తూ నడుస్తూ ప్రసాదరావు తనని తాను పట్టుకున్నాడు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. కాని ముందుగా వచ్చిందదే.

చేను గట్టు మీద ట్రాక్టరు, దానికి కాస్త దూరంలో ట్రాలీ. చెరుకు గడలు ట్రాలీ అంచులు దాటి రెండు పక్కలా గడ్డివాములా బయటికి వచ్చి ఉన్నాయి. స్నేహ అప్పటికే ట్రాలీని విడదీసి, ఒట్టి ట్రాక్టరుని పక్కకి తీసి ఉంచింది. స్కూలు రిబ్బన్లతోనే రెండు జడలు పైకి మడిచి కట్టుకుంది.

"గుడ్మాణింగ్ సార్. అమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

"మరి?"

"మరి అంటే, నువ్వే చెప్పు. రోడ్డు మీద తోలడానికి ఎన్నేళ్ళుండాలి?"

"పద్దెనిమిది." కాలి బొటనవేలితో మట్టిని గీసింది. "గని సార్, మా క్లాసుల భరత్ లేడా, ఇద్దర్ని ఎక్కించుకోని బండి మీద స్కూలుకొస్తడు. వాని కాళ్ళు గూడ నేలకు అందవు. వాన్ని ఎవ్వరు ఏమనరు. నాకు బ్రేకు తెల్సు, క్లచ్చు తెల్సు, ఇంజను ఇప్పి పెట్టుడు గూడ సగం తెల్సు. వయసు లేదని నేను ఆగాలె, రానోడు తోలాలె. గిదేం లెక్క సార్?"

ఆ లెక్క ప్రసాదరావుకీ సరిగ్గా కుదరదు. పోయిన నెల బొంబాయి రోడ్డు మీద తప్పు పక్కన బండి తోలుకుంటూ ఎదురొచ్చినవాడికి నలభై ఏళ్ళుంటాయి.

"మీరే తోల్కపోరాదు సార్?" అంది నాగరాణి ఆశగా.

ఆయన నవ్వాడు. "డెబ్బై రెండేళ్ళమ్మా నాకు. మోకాలు క్లచ్చు ఓ అరగంట తొక్కితే ఒప్పుకోదు. పైగా లైసెన్సు గడువు తీరి రెండేళ్ళయింది. ఎక్కడికి పోవాలని తిరిగి తీసుకోను?" ఆ మాట అన్నాక తమాషాగా అనిపించింది. రోడ్డెక్కే కాగితం ఆ పిల్లకీ లేదు, తనకీ లేదు. ఒకరికి ఇంకా రాలేదు, ఒకరికి అయిపోయింది.

"జర చూడున్రి సార్. చూసినంక చెప్పున్రి," అంది స్నేహ. ఎగిరి సీటు మీద కూర్చుంది.

ఒట్టి ట్రాక్టరుతో మడి చివరి దాకా వెళ్ళింది. మలుపులో ఎడమ బ్రేకు తొక్కి, ముందు చక్రాలు గట్టుకి జానెడు దూరంలో తిప్పింది. వెనక్కి తీసుకొచ్చి, ఒక్కసారి కూడా సరిదిద్దుకోకుండా ట్రాలీ కొక్కేనికి ఎదురుగా ఆపింది. తల్లి కొక్కెంలో ఇనప సూది గుచ్చింది, ట్రాక్టరూ ట్రాలీ ఒకటయ్యాయి. టెస్టు ట్రాకు మీద ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ళలో సగం మందికి అంత చక్కగా రాదు. ఆయనకి "పో" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడాయన ట్రాలీ వైపు చూశాడు. అంత లోడు ట్రాక్టరు వెనక కట్టి తాను ఎప్పుడైనా నడిపాడా? నడపలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా. ఫ్యాక్టరీలో ట్రాక్టరు ఒంటరిగా పుడుతుంది, ఒంటరిగా పరీక్షకొస్తుంది. ట్రాకు చుట్టూ కంచె. ఎదురు వచ్చే బండి లేదు, వెనక బరువు లేదు.

"దిగమ్మా," అన్నాడు. "తారు రోడ్డు దాకా నేను తీసుకెళ్తాను. అంతా మన బాటే కదా. లోడు ఎలా ఉంటుందో చూశాక చెప్తాను."

అది జాగ్రత్త కోసం అన్న మాటే. కాని అందులో పిసరంత గొప్ప కూడా ఉంది. ఆ పిల్ల అంత బాగా నడిపాక, దాని ముందు తానూ ఒకసారి నడిపి చూపించాలనిపించింది.

స్నేహ దిగింది. మడ్‌గార్డు మీద కూర్చుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. తల్లీ కూతుళ్ళని గట్టు పైనే నిలబడమన్నాడు.

మొదటి వంద గజాలు బాగానే సాగింది. ఇంజను కొంచెం మూలిగింది, అంతే. ఆ తర్వాత బండ్ల బాట ఎర్రమట్టిలో కిందికి దిగి, కాలవ మీది చిన్న మోరీ దాటి తారు రోడ్డుకి ఎక్కుతుంది. నడిచి పోయేటప్పుడు అది దిగుడని కూడా తెలియదు. ట్రాక్టరు ముక్కు వంగగానే ఆయన వీపుకి తెలిసింది. వెనకనుంచి ఎవరో రెండు చేతులతో నెడుతున్నట్టు, మెల్లగా, ఆగకుండా. ఇంజను చప్పుడు పెరిగింది. ఆయన తొక్కకుండానే వేగం పెరిగింది. మోరీ దగ్గరవుతోంది.

కుడికాలు తనంతట తాను బ్రేకు మీదికి వెళ్ళింది.

ఆగాల్సిన ట్రాక్టరు ఆగలేదు, తిరిగింది. కుడి చక్రం ఒక్కటే బిగుసుకుని, దాని చుట్టూ ట్రాక్టరు కుడికి గుంజుకుంది. వెనకనుంచి ట్రాలీ ఇంకా నెడుతూనే ఉంది. స్టీరింగు ఎడమకి లాగితే చేతుల్లో ఊరికే తిరిగింది. ముందు చక్రాలు బాట దిగి మెత్తటి కాలవ మట్టిలో దిగబడ్డాయి. ట్రాలీ అడ్డంగా వచ్చి ఒక పక్కకి ఒరిగి, తాడు తెగి, చెరుకు గడలు గలగలమంటూ బాట మీద పరుచుకున్నాయి. ఇంజను ఆగిపోయింది. ఎక్కడో కొంగ ఒకటి లేచి ఎగిరింది.

ఆయన సీటు మీదే ఉన్నాడు. చేతులు, కాళ్ళు, కళ్ళజోడు, అన్నీ ఉన్నాయి. ట్రాలీ పూర్తిగా పడిపోలేదు. కాలవలో నీళ్ళు లేవు. బాట మీద మనిషి లేడు. ఆ వరసలోనే ఒక్కొక్కటీ చూసుకున్నాడు. ఆ తర్వాత పాదం వైపు చూశాడు. బూటు ఇంకా కుడి పెడలు మీదే ఉంది. ఎడమ పెడలు దాని పక్కన, వేలెడు ఎత్తున, తాకకుండా ఉంది. రెండింటినీ కలిపి పట్టే ఇనప గొళ్ళెం పక్కకి తీసి ఉంది.

ఎందుకు తీసి ఉందో ఆయనకి తెలుసు. ఇందాక మడి చివర తిప్పడానికి స్నేహ తీసింది. అలా తియ్యాలని నేర్పింది తనే. తిరిగి వెయ్యాలని? ఆరు నెలల ఆదివారాలన్నీ తిరగేసి వెతికాడు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా కాలవలో కూర్చునే తెలిసింది. టెస్టు ట్రాకు మీద చివరి పరీక్ష బ్రేకులదే. గొళ్ళెం తీసి, ఎడమది విడిగా, కుడిది విడిగా తొక్కి చూసి, చీటీ మీద సంతకం పెట్టి ఆయన దిగిపోయేవాడు. ఆయన దిగీ దిగకముందే సాయిరామ్ అనే సన్నటి మనిషి, భుజం మీద తుడుపుగుడ్డతో ఎక్కేవాడు. వంగి, గొళ్ళెం వేసి, బానెట్టు తుడిచి, బండిని ముందుకి తీసుకెళ్ళేవాడు. ఇరవై ఆరేళ్ళు. తీయడం తన చేతికి వచ్చింది, వేయడం సాయిరామ్ చేతికి వచ్చింది. తనకి రానిదాన్ని తనకి రాదని తెలియనివ్వకుండా ఒక మనిషి రోజంతా వెనకే వచ్చి సరిదిద్దిపోయేవాడు.

స్నేహ పరుగెత్తుకుంటూ వచ్చింది, వెనకాల ఒగర్చుతూ నాగరాణి.

"సార్! దెబ్బ తాకిందా సార్?"

"లేదమ్మా. ఏమీ కాలేదు." మోకాలు పట్టుకుని దిగాడు. టైరు పట్టుకుని నిలబడ్డాడు. "నాగరాణీ, పిల్లని పంపొద్దు."

ఆ తల్లి చెరుకు వైపు చూసింది, కూతురి వైపు చూసింది. స్నేహ మొహం మాత్రం ఎర్రబడింది.

"గదేంది సార్! పడేసింది మీరు, నేను కాదు. మీరు పడేస్తె నన్ను వద్దంటరా?"

"అవును," అన్నాడాయన. "నేనే పడేశాను. ఇన్ని వేల బండ్లు నడిపినవాణ్ణి రెండు పెడళ్ళు కలపడం మరిచిపోయాను. మరిచిపోవడం కూడా కాదు, నాకు ఆ అలవాటే లేదు. నీకు వచ్చిందంతా నా దగ్గర నేర్చుకున్నదే కదమ్మా. నా దగ్గర లేనిది నీ దగ్గరికెలా వస్తుంది? ఇక్కడ కాబట్టి కాలవలోకి పోయాను. అదే బొంబాయి రోడ్డు దాటేచోటైతే?"

స్నేహ వంగి పెడళ్ళ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"సర్వరన్న రోడ్డెక్కే ముంగట గీడ కాలితోని ఒక్కటి తంతడు," అంది చివరికి, గొంతు తగ్గించి. "పెడల్ బిగుసుకపోయిందేమో, గందుకే తంతుండు అనుకున్న. మట్టి దులుపుతుండు అనుకున్న."

"అడగలేదా?"

"అడగలే. నాకు అంత వచ్చు అనుకున్న."

మోపెడ్ చప్పుడు వినిపించింది. తారు రోడ్డు దిగి, చెరుకు గడల ముందు ఆగి, తెల్లగడ్డం మనిషి ఒకాయన హెల్మెట్ తీశాడు. సర్వర్ తండ్రి అబ్దుల్ సమద్. నలభై ఏళ్ళు లారీలు, ట్రాక్టర్లు తోలి ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్న మనిషి. పది రోజుల కిందట బీదర్‌లో కూతురింటికి వెళ్ళాడు.

"సలాం సాబ్. ఏంది, చెరుకును ఈడనే ఆరబెడుతున్నరా?"

నాగరాణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఎప్పుడొస్తిరి చిచ్చా?"

"రాత్రి వచ్చిన. నా కొడుకు జ్వరంల గూడ ఒకటే కలవరిస్తుండు, నాగరాణక్క చెరుకు, నాగరాణక్క చెరుకు అని. ఫికర్ జెయ్యకురా, నేను తోల్త అన్న. వచ్చి చూస్తె గిదీ తమాషా." ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి పెడళ్ళు చూశాడు, తల ఊపాడు. "పెడల్ల కొండీ ఎయ్యలేదు. ఎవరు తోలిన్రు, పోరియా?"

స్నేహ నోరు తెరిచింది. ప్రసాదరావు వైపు చూసి మళ్ళీ మూసేసింది. చెప్పకూడదనుకుంది ఆ పిల్ల. అంత కోపంలోనూ. ప్రసాదరావు ఆ సంగతి గమనించి లోపల దాచుకున్నాడు.

"నేనే సమద్ గారూ," అన్నాడు.

"అరే, ఇంజనీర్ సాబ్!" సమద్ నవ్వాపుకోలేదు. "ట్రాక్టర్ తయారు జేసెటోల్లకు కొండీ ఏసుడు రాదా సాబ్? మేము ఇరవై రూపాల చాయ్‌కి నేర్పుతుంటిమి గదా."

"ఇప్పుడు నేర్పండి. చాయ్ నేను పెడతాను."

ఆ నవ్వుకి ఆయనకి కష్టం కలగలేదు. సమద్ అరగంట ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదా అని మాత్రం ఆలోచించాడు. లోడు చక్కగా వెళ్ళిపోయేది. కాలవ లేదు, నవ్వు లేదు. స్నేహ ఒక అవకాశం తప్పిపోయిందనుకునేది, తాను పిల్లకి అన్నీ నేర్పాననుకునేవాడు. వచ్చే ఏడు, ఆ పై ఏడు, ఎప్పుడో ఒకసారి ఆ దిగుడు ఆ పిల్లకి ఎదురయ్యేది. ఆలస్యంగా రావడం కూడా ఒక్కోసారి మేలేననుకున్నాడు.

పక్క చేను నారమ్మ తన కూలీలని తీసుకుని వచ్చింది. అందరూ కలిసి గడలు ఎత్తి, ట్రాలీ తేలిక చేసి, పక్కింటి ఎడ్లతో సాయం పట్టించి ట్రాక్టరుని బాట మీదికి లాగేసరికి పన్నెండయింది. మళ్ళీ నింపి తాళ్ళు కట్టారు. సమద్ ఎక్కి కూర్చున్నాడు. మిగిలిన దిగుడులో పెద్ద గేరులో కాకుండా ముందే చిన్న గేరులో వేసి, ఇంజనునే పట్టుకోమన్నట్టు, నిమ్మళంగా దించాడు. స్నేహ పక్కనే నడుస్తూ ఆయన కాళ్ళనే చూస్తోంది. ప్రసాదరావు కూడా ఆయన కాళ్ళనే చూస్తున్నాడు. దిగుడులో సమద్ బ్రేకు తాకనే లేదు.

తారు రోడ్డు అంచున సమద్ ఆగాడు. ఆ పిల్లకి చూపించాలని కాబోలు, తాను వేసుకున్న గొళ్ళేన్ని మళ్ళీ పక్కకి తీసి ఉంచాడు.

"దా పోరీ, కొండీ నువ్వెయ్యి."

స్నేహ మెట్టెక్కి, వంగి, రెండు పెడళ్ళ మీదికి ఆ ఇనప పట్టీని జరిపింది. టక్కుమంది. చేత్తో ఒకసారి, కాలితో ఒకసారి నొక్కి చూసింది. రెండూ కలిసే కిందికి పోయాయి. దిగి, ట్రాలీ వెనక వేలాడుతున్న గడలకి తన ఎర్ర రిబ్బన్లు రెండూ విప్పి కట్టింది. నాగరాణి చీటీ పట్టుకుని సమద్ వెనకాల ఆటోలో బయలుదేరింది. బండి మలుపు తిరిగేదాకా ఆ రెండు ఎర్ర ముక్కలు కనిపించాయి.

ప్రసాదరావు ఇంట్లో టీ పెట్టాడు. గిన్నెలో పాలు మీగడ కట్టి ఉన్నాయి, చెడలేదు. స్నేహ వరండా మెట్టు మీద, విప్పిన జడలతో, చెరుకు ముక్క నములుతూ కూర్చుంది. ఇంకా సగం అలకలోనే ఉంది. ఆయనకీ ఒక ముక్క ఇవ్వబోయి, ఆయన పళ్ళు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"ఇంక నేర్పరా సార్?"

"నేర్పుతాను. ముందు నేను నేర్చుకోవాలి. ఖాళీ ట్రాలీ కట్టుకుని, చేలో. తర్వాత కొంచెం బరువుతో. సమద్ గారిని కూర్చోబెడదాం."

"ఆయన తిడ్తడు."

"తిట్టనీ. ఇద్దర్నీ తిడతాడు."

"మరి రోడ్డు?"

"పద్దెనిమిది."

"ఇంక నాలుగేండ్లు," అంది, చెరుకు పిప్పి మొక్కల్లోకి ఊస్తూ. ఈసారి వాదించలేదు. ఒప్పుకున్నట్టూ లేదు.

ఆయన ఫోను తీసి సాయిరామ్ నెంబరు వెతికాడు. విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఏడాదికోసారి, కొత్త సంవత్సరం రోజున మాట్లాడుకుంటారు. ఫోను స్పీకరులో పెట్టాడు.

"సార్! ఏటి సార్, ఇయ్యాళ ఫోన్ చేసీసేరు? బాగున్నారా?"

"బాగున్నాను సాయిరామ్. ఒక సంగతి అడుగుదామని. ట్రాకు మీద నేను దిగగానే నువ్వు ఎక్కి బ్రేకుల గొళ్ళెం వేసేవాడివి, గుర్తుందా?"

"గొళ్ళెమా? ఏ గొళ్ళెం సార్?... ఓ, అదా. ఏసీవోణ్ణే కావాల. బండి ఎక్కితే సెయ్యి దానంతటదే పోయీది సార్. ఎందుకు, ఏటైనా అయ్యిందా?"

"ఏమీ కాలేదు. ఊరికే చెప్పాలనిపించింది. ఎప్పుడూ చెప్పలేదు."

"ఏటి సార్ మీరు," అని నవ్వాడు సాయిరామ్, ఏం చెప్పారో తెలియకుండానే. మనవరాలి పెళ్ళి సంగతి ఎత్తి పది నిమిషాలు మాట్లాడాడు.

ఫోను పెట్టేశాక స్నేహ నమలడం ఆపి అడిగింది. "సార్, మీ ఎనక ఆయన ఎక్కుతుండె. నా ఎనక ఎవరు ఎక్కుతరు?"

ప్రసాదరావు గ్లాసుల్లో టీ పోశాడు. ఆ పిల్ల గ్లాసులో మీగడ పడకుండా వడకట్టాడు, దానికి మీగడ ఇష్టం లేదని ఈ ఆర్నెల్లలో తెలుసుకున్నాడు.

"ఇప్పటికైతే మీ అమ్మా, నేనూ, సమద్ గారూ," అన్నాడు. "నాలుగేళ్ళు పోతే నువ్వే ఎక్కి, నువ్వే దిగి, నువ్వే మళ్ళీ ఎక్కి చూసుకోవాలి. అది వచ్చేదాకానే ఆగమనేది."

స్నేహ గ్లాసు అందుకుంది. వేడిగా ఉంటే మెట్టు మీద పెట్టి, ఊదుతూ కూర్చుంది. కాసేపటికి కుడిపాదం చెప్పులోంచి తీసి, మెట్టు అంచున లేని పెడళ్ళు రెండింటినీ ఒక్కసారే తొక్కుతున్నట్టు, మెల్లగా కిందికి నొక్కి చూసుకుంది. ఆయన చూడనట్టు గోడ అవతలి చేను వైపు తల తిప్పుకున్నాడు.